చిత్తుప్రతికి శాలువా కప్పకండి

మొన్న ఉగాది నాడు పంచాంగ శ్రవణం పూర్తయి, పులిహోర ప్లేట్లు చేతుల్లోకి వస్తున్న వేళ, మన సంఘం పెద్దలొకరు మైకు అందుకుని ఒక మాట అన్నారు. "మన బర్మింగ్‌హామ్‌లో నలుగురు నవలాకారులున్నారండీ. మూడేళ్లుగా నలుగురూ కలిసి ఒక్క మాంత్రికుణ్ణి చంపలేకపోతున్నారు!" హాలంతా ఘొల్లుమంది. ఆ నలుగురమూ మేమే కనుక మేము మరికాస్త గట్టిగా నవ్వాము. కాని ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆ చమత్కారం వెనుక మన సాహిత్య సభలన్నిటినీ పట్టి పీడిస్తున్న ఒక అభిప్రాయం ఉందనిపించింది. దానికి సమాధానం చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కావచ్చునేమో గాని న్యాయం కాదు. అందుకే ఈ నాలుగు పేజీలు.

ఎరగనివారి కోసం ముందు సంగతి చెబుతాము. మాలో ఒకరిది కరీంనగర్, ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది నెల్లూరు, ఒకరిది తెనాలి దగ్గర పల్లె. నలుగురమూ కలిసి ఒక జానపద నవల రాస్తున్నాము. ఇంగ్లీషువాళ్లు ఫాంటసీ అని పిలిచేదీ, చిన్నప్పుడు మనం చందమామలో ఊపిరి బిగబట్టి చదివినదీ ఆ జాతిదే. మా కథలో ఒక మాంత్రికుడు ఒక ఏటి చప్పుడును దొంగిలించి శంఖంలో దాస్తాడు. ఏరు పారుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. చప్పుడు లేని ఏటిని ఊరి జనం మెల్లమెల్లగా మరచిపోతారు. ఒక కుమ్మరి పిల్ల ఆ చప్పుడును వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పరాయి దేశంలో కూర్చుని మాతృభాష గురించే రాశారని మీకు వెంటనే తోచవచ్చు. మాకు మాత్రం ఆ సంగతి రెండో ప్రతి రాసేదాకా తోచలేదు. ఆ ఒక్క మాటతోనే ఈ వ్యాసం ముగించవచ్చు, కాని పెద్దలు అంత తేలికగా ఒప్పుకోరని మాకు తెలుసు.

తొలిప్రతి పద్నాలుగు నెలల్లో ముగిసింది. చేతిరాతలో 430 పేజీలు. ఆ కబురు తెలిసి కార్యవర్గం ఎంతో ఆదరంగా ముందుకు వచ్చింది. వార్షికోత్సవానికి పుస్తకం అచ్చువేయిస్తామన్నారు. ఖర్చు సంఘానిదే అన్నారు. ఆవిష్కరణకు ఇండియానుంచి అతిథిని పిలిపిస్తామన్నారు, మా నలుగురికీ శాలువాలు కప్పుతామన్నారు. మేము చేతులు జోడించి వద్దన్నాము. ఇంకా సిద్ధం కాలేదు, తిరగరాస్తున్నాము అన్నాము. అప్పటినుంచి మా మీద మూడు నిందలు తిరుగుతున్నాయి. రాసింది దిద్దుకునేవాడు చేతగానివాడు, ప్రతిభ ఉన్నవాడికి మాట మొదటిసారే వస్తుంది అన్నది మొదటిది. రాసింది మంత్రాల కథే కదా, అందులో తప్పేమిటి, ఒప్పేమిటి అన్నది రెండోది. ఈ దేశంలో తెలుగులో ఏదో ఒకటి రావడమే గొప్ప, ఇంకా వంకలెందుకు అన్నది మూడోది. ఈ మూడూ తప్పేనని మా వాదం.

మొదటి నింద సంగతి చూద్దాము. మన జాతికి ఆశువంటే మోజు. అది తప్పు కాదు. అవధాని గారు వేదికమీద కూర్చుని పద్యం చెబుతుంటే మేమూ చప్పట్లు కొట్టినవాళ్లమే. కాని ఆ వేదికమీద జరిగేదేమిటో ఒకసారి నిదానంగా చూడండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు పక్కనే కూర్చుని "ఈ అక్షరం వద్దు" అంటాడు. అవధాని మనసులో అనుకున్న మాటను వదిలేసి మరో మాట వెతుక్కుంటాడు. మళ్లీ వద్దంటాడు, మళ్లీ వెతుక్కుంటాడు. ఇది దిద్దుబాటు కాక మరేమిటి? అందరి ఎదుట, క్షణాలమీద, ఒక పరీక్షకుణ్ణి పక్కన పెట్టుకుని చేసే దిద్దుబాటు. మనం ఆ చివరి పద్యానికి చప్పట్లు కొట్టి, మధ్యలో ఆయన పారేసిన మాటలను మరచిపోతున్నాము. నాలుగు పాదాల పద్యానికే ఇన్ని మాటలు పారేయవలసి వస్తే 430 పేజీల నవలకు ఎన్ని పారేయాలో మీరే లెక్క కట్టండి.

విశ్వనాథ సత్యనారాయణ గారు వేయిపడగలు నవలను ఇరవైతొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారని సభల్లో మళ్లీ మళ్లీ వింటుంటాము. చెప్పారే అనుకుందాము. ఆ నవల ఆయన తలలో ఎన్నేళ్లు నానిందో ఎవరు కొలిచారు? పోనీ, ఆయన తల ఆయనది, మా తలలు మావి. అయినా ఆ ఒక్క ఉదాహరణే ఎందుకు చెబుతారు? గురజాడ వారి కన్యాశుల్కం మాట ఎందుకు ఎత్తరు? అది 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. జనం మెచ్చారు, పేరు వచ్చింది. మన కార్యవర్గం లెక్కలో ఆయన పని అక్కడితో అయిపోయినట్టే. ఆయన మాత్రం దాన్ని మళ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది, ఎంతో పెరిగింది, 1909లో రెండో కూర్పుగా వచ్చింది. ఈనాడు మనం నాటకమేస్తున్నదీ, మాటమాటకీ ఉదహరిస్తున్నదీ ఆ రెండో కన్యాశుల్కాన్నే. మొదటి కూర్పు పరిశోధకుల బీరువాల్లో ఉంది. పన్నెండేళ్ల తరువాత తన పుస్తకాన్ని తానే కాదని మళ్లీ రాసిన మనిషిని చేతగానివాడనే ధైర్యం ఎవరికైనా ఉంటే, ఆ మాట మాకూ అనవచ్చు.

ఇక రెండో నింద. ఇదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. "రాసేది మంత్రాల కథే కదా" అని. ఈ మాట అనేవాళ్లు ఒక్క అద్భుత కథ కూడా చివరిదాకా రాసి ఉండరని మా గట్టి నమ్మకం. ఉద్యోగం, పెళ్లి, అత్తగారు ఉన్న సాంఘిక నవలలో రచయిత ఏమైనా మరచిపోతే లోకం పూరిస్తుంది. బర్మింగ్‌హామ్‌నుంచి లండన్‌కు ఎంత దూరమో పాఠకుడికి తెలుసు. మా కుమ్మరి పిల్ల ఊరినుంచి రాక్షసి గుహకు ఎంత దూరమో మేము చెబితేనే ఉంది, చెప్పకపోతే లేదు. లోకమంతా అబద్ధమైనప్పుడు ప్రతి అబద్ధమూ పక్కనున్న అబద్ధంతో పొసగాలి. అందుచేత అద్భుతానికే లెక్క ఎక్కువ కావాలి.

మా తొలిప్రతిని డిసెంబరు సెలవుల్లో మాలో ఒకరి వంటింట్లో కూర్చుని నలుగురమూ పైకి చదువుకున్నాము. రాసేటప్పుడు శనివారం సాయంత్రాలు ఎంత సంబరంగా గడిచాయో, ఈ చదవడం అంత నరకంగా గడిచింది. పదకొండు రోజుల ప్రయాణంలో పౌర్ణమి మూడుసార్లు వచ్చింది. ఏడో అధ్యాయంలో చచ్చిన గుర్రం పన్నెండో అధ్యాయంలో సకిలించింది. అమ్మాయికి సాధువు ఇచ్చిన మంత్రం కష్టం వచ్చినప్పుడల్లా పనిచేసింది. అది కష్టాలను తీర్చలేదు, కథనే తీర్చేసింది, ఎందుకంటే ఇక ఎవరికీ భయం లేదు. మాంత్రికుణ్ణి చంపలేకపోతున్నామన్నారు కదా, చంపాము. 427వ పేజీలో చంపాము. చంపడం రెండు పేజీల పని. వాడెందుకు చచ్చాడో వాడికీ తెలియదు, మాకూ తెలియదు. ఆ రాత్రి టీ గిన్నె చల్లారిపోయింది, ఎవరమూ మాట్లాడుకోలేదు. మరునాడు మాలో ఒకరు ఫోను చేసి "నేనిక రాను" అన్నారు. కాగితాల కట్టను ఒక సూట్‌కేసులో పెట్టి ఎనిమిది నెలలు ముట్టుకోలేదు.

మళ్లీ మమ్మల్ని లేపినది మన ఊరే. ఇండియానుంచి చుట్టాలు వస్తే మనమంతా హాల్ గ్రీన్ పక్కన సేర్‌హోల్ మిల్లుకు తీసుకువెళ్లి ఫోటోలు తీయిస్తాము కదా, "ఇక్కడే టోల్కీన్ చిన్నప్పుడు ఆడుకున్నాడు" అని. నిజమే. నాలుగేళ్ల పిల్లవాడిగా 1896లో వచ్చి, 1900 దాకా ఆ మిల్లు ఎదుటి ఇంట్లో ఉన్నారాయన. మనకు ఆ మిల్లు తెలుసు, సినిమాలు తెలుసు. ఆయన చిత్తుప్రతుల సంగతి మాత్రం ఎవరమూ అడగలేదు. ఆయన కుమారుడు క్రిస్టఫర్ ఆ చిత్తుప్రతులను 1988నుంచి 1992 దాకా నాలుగు సంపుటాలుగా అచ్చువేశారు. లైబ్రరీనుంచి తెచ్చుకుని చదివాము. ఎనిమిది నెలలుగా మొద్దుబారిన మాకు అవి వైద్యంలా పనిచేశాయి.

ఆయన 1937 సెప్టెంబరులో ది హాబిట్ అచ్చయ్యాక, ఆ డిసెంబరులో ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదలుపెట్టారు. 1949లో గాని ముగియలేదు. అక్కడా పన్నెండేళ్లే. మొదట కథానాయకుడి పేరు ఫ్రోడో కాదు, బింగో. మారువేషంలో తిరిగే రాజవంశీకుడు స్ట్రైడర్ మొదటి ప్రతుల్లో రాజూ కాదు, మనిషీ కాదు. కొయ్యజోళ్లు తొడుక్కున్న ట్రాటర్ అనే ఒక పొట్టి హాబిట్. దారిలో గుర్రంమీద వచ్చి వాసన పట్టే ఆ ముసుగు రౌతు మొదట శత్రువు కాదు, ముసలి మాంత్రికుడు గాండాల్ఫే. రాస్తూ రాస్తూ ఆయన ఆగి దాన్ని కొట్టేసి, నల్ల రౌతును చేశారు. ఆ ఒక్క కొట్టివేతనుంచే నవలలోని భయమంతా పుట్టింది. మోరియా గుహల్లో ఒక సమాధి దగ్గరకు వచ్చి ఆయన చాలాకాలం ముందుకు కదలలేదు. యుద్ధకాలపు కాగితం కరువులో విద్యార్థుల పరీక్ష కాగితాల ఖాళీ వైపున రాసుకున్నారు. 1944లో చంద్రుడు కథలో ఒకచోట ఉదయిస్తూ అదే సమయంలో మరోచోట అస్తమిస్తున్నాడని కనిపెట్టి, వెనక్కు వెళ్లి పాత అధ్యాయాల్లో ముక్కలు దిద్దుకున్నారు. మా మూడు పౌర్ణములు గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర మేము నలుగురమూ నవ్విన నవ్వు ఉగాది నాటి నవ్వుకంటే పెద్దది. టైపు చేయించే స్తోమత లేక, అంత పుస్తకమూ తానే టైపు చేసుకున్నారు. మూడు సంపుటాలూ 1954, 1955 సంవత్సరాల్లో వచ్చాయి.

ఇంకొకటి వినండి. ది హాబిట్ మొదటి కూర్పులో గొల్లమ్ అనే ప్రాణి పొడుపుకథల పందెంలో ఓడితే ఉంగరం ఇస్తానని ఒప్పుకుంటుంది. ఉంగరం కనబడక క్షమాపణ చెప్పి బిల్బోకు దారి చూపి సాగనంపుతుంది. తరువాతి పెద్ద నవలలో ఉంగరం ఎవరినీ వదలని పిశాచమయ్యేసరికి ఈ మర్యాద పొసగలేదు. అప్పటికే అచ్చయి, పిల్లలంతా చదివేసిన పుస్తకం! అయినా ఆ అధ్యాయాన్ని తిరగరాశారు. అది 1951 కూర్పులో వచ్చింది. పాత కథకు కూడా ఒక కారణం కల్పించారు, బిల్బోయే మొదట అలా అబద్ధం చెప్పాడని. మంత్రాల కథలో తప్పేమిటి, ఒప్పేమిటి అనేవారికి ఇంతకంటే ఏం చెప్పాలి?

"ఇదంతా ఇంగ్లీషువాళ్ల గోల, మనకెందుకు" అంటారేమో. మన పింగళి సూరన కళాపూర్ణోదయం తీసి చూడండి. పదహారో శతాబ్దపు ఆ కావ్యంలో ఎక్కడో విడివిడిగా విన్న కథల ముడులు ఎంతో దూరం వెళ్లాక గాని విడవవు. చంటిపిల్ల నోట పూర్వజన్మ కథ వినిపిస్తుంది. ఆ ముడులన్నీ మొదటి ఊపులో వాటంతటవి పడ్డాయంటే మేము నమ్మము. అంత దూరం ఎందుకు, మనల్ని పెంచిన చందమామనే చూడండి. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952నుంచి 1980లో కన్నుమూసేదాకా అక్కడ కూర్చుని ఊరూరినుంచి వచ్చిన కథలను దిద్దారు, అవసరమైతే మొత్తం తిరగరాశారు. తోకచుక్కనుంచి మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు సీరియళ్లు రాశారు, ఏళ్ల తరబడి పేరు కూడా వేసుకోకుండా. ఆ తెలుగు నీళ్లలా జారిపోతుందని మనం మెచ్చుకుంటాము. నీళ్లు అలా జారాలంటే బండకు ఎంత అరుగుదల కావాలో మాత్రం తలచుకోము. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. దిద్దే చేతులు కూడా దానితోనే పోయాయని అనుకోవాలా?

ఇప్పుడు మేము చెప్పబోయేది మాకు సిగ్గు కలిగించే సంగతి. దీన్ని దాచుకుంటే ఈ వ్యాసం రాయడమే దండగ.

మా రెండో ప్రతిని పైకి చదువుతున్నప్పుడు మాలో కరీంనగర్ ఆవిడ కూతురు, పన్నెండేళ్ల పిల్ల, ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, మెట్లమీద కూర్చుని వింటోంది. తెలుగు చదవలేదు, వింటే మాత్రం అంతా తెలుస్తుంది. మూడు అధ్యాయాలయ్యాక లేచి వచ్చి తల్లిని అడిగింది. "అమ్మా, ఈ కథలో మా బాపమ్మ లెక్క మాట్లాడేటోళ్లంతా ఎందుకు చెడ్డోళ్లు?"

మేము కాగితాలు తిరగేశాము. నిజమే. రాక్షసి "యాడికి బోతున్నవే పిల్లా" అంటుంది. గుహ కావలివాళ్లు "గట్లనే జేస్తం" అంటారు. అమ్మాయి మూట దొంగిలించే పడవవాడు శ్రీకాకుళం యాసలో "నానేటి సేసినాను బాబూ" అంటాడు. నవ్వించే వంటవాడిది నెల్లూరు. కుమ్మరి పిల్లా, సాధువూ, రాజకుమారుడూ మాత్రం తెనాలి పక్క పుస్తకాల తెలుగు చక్కగా మాట్లాడతారు. రాసినవాళ్లం నలుగురం. నలుగురిలో ముగ్గురి ఇళ్లలో ఆ భాష ఎవరూ మాట్లాడరు. రాక్షసి మాటలు రాసింది ఎవరో కాదు, ఆ పిల్ల తల్లే. ఆవిడ ఆ రాత్రి ఏడ్చింది. ఎవరూ మాకు అలా రాయమని చెప్పలేదు. చిన్నప్పటినుంచి చూసిన సినిమాలు, విన్న నాటకాలు మా చేతిలోకి వచ్చి కూర్చుని రాయించాయి. చిత్తుప్రతి అంటే ఇదీ, మహాశయులారా! అందులో మన ప్రతిభే కాదు, మనం ఆలోచించకుండా మోస్తున్న చెత్త అంతా ఉంటుంది. మనసులో మొదట వచ్చేది మన మాటే అని ఎవరన్నారు? చాలాసార్లు మొదట వచ్చేది ఊరందరి మాట. మన మాట రెండోసారో, మూడోసారో వస్తుంది, వెతికితే.

ఆనాడు మీరిచ్చిన శాలువాలు కప్పుకుని ఉంటే ఆ పుస్తకం అచ్చయి ఉండేది. వార్షికోత్సవంలో ఆ పిల్ల చేతికి ఒక ప్రతి ఇచ్చి, మన భాష నేర్చుకోమ్మా అని చెప్పి ఉండేవాళ్లము.

అప్పుడు యాసలు అటూ ఇటూ మార్చేస్తే సరిపోతుందనుకున్నాము. సరిపోలేదు. రాక్షసి మాటలో వెటకారం తీసేస్తే ఆమెను చూసి భయపడటానికి ఏ కారణమూ మిగలలేదు. మేము ఆమె యాసనే భయంగా వాడుకున్నాము, ఆమెకంటూ ఒక కథ ఇవ్వనేలేదు. మరి ఆమె ఎందుకు ఆ గుహలో ఉంది? రెండు నెలలు కొట్టుకున్నాము. చివరికి తేలింది. ఏటి చప్పుడుకు మొదటి కాపరి ఆమే. మాంత్రికుడు దొంగిలించింది ఆమె దగ్గరినుంచే. ఆమెను రాక్షసి అని ప్రచారం చేసింది కూడా వాడే. ఆ ఒక్క సంగతి తెలిసేసరికి నవల నడుమ కూలిపోయి ఉన్న నూరు పేజీలు లేచి నిలబడ్డాయి. వాడెందుకు చావాలో, అసలు చావాలా వద్దా అన్నది కూడా అప్పుడే మాకు ప్రశ్నగా కనబడింది. టోల్కీన్ ప్రతుల్లో ట్రీబియర్డ్ అనే చెట్టులాంటి మహాకాయుడు మొదట గాండాల్ఫ్‌ను బంధించే శత్రువట. తిరిగి రాసేటప్పుడు అడవికి కాపరి అయ్యాడు, మిత్రుడయ్యాడు. అది చదివినప్పుడు వింతగా తోచింది. మా గుహలో మాకే జరిగాక వింత పోయింది. కుమ్మరి పిల్ల ఇప్పుడు కరీంనగర్ తెలుగులో మాట్లాడుతుంది. నూటపది పేజీలు తీసేశాము. ఆ గుర్రం చచ్చే ఉంది.

మూడో నిందకు వద్దాము. ఈ దేశంలో తెలుగులో ఏదో ఒకటి రావడమే గొప్ప అన్నది. ఈ మాటలో ప్రేమ ఉందని మాకు తెలుసు. ఈ పత్రికను మొదలుపెట్టిన పెద్దలు స్టెన్సిలు కోసిన రోజుల్లో ఒక్క అక్షరం తప్పు పోతే, ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా ఊది, మళ్లీ కొట్టేవారు. చేతులకు సిరా, కోటుకు సిరా. ఆ కష్టంలో కూడా తప్పు దిద్దడం మానలేదు. ఇప్పుడు కంప్యూటరులో ఒక మీట నొక్కితే పేజీ పేజీ మారుతుంది, దిద్దే ఓపిక మాత్రం మాయమయింది. పరాయి దేశంలో ఉన్నాము కనుక తక్కువ సరుకైనా చాలునని అనుకోవడం మన భాషను మనమే బీదచుట్టంలా చూడటం. మన పిల్లల చేతిలో ఇంగ్లీషు ఫాంటసీ నవలలున్నాయి. ఒక్కొక్కటీ ఎన్నోసార్లు తిరగరాసి, సంపాదకులు పట్టి పట్టి చూసినవి. వాటి పక్కన మన చిత్తుప్రతిని పెట్టి, తెలుగు కాబట్టి చదవమంటే, వాళ్లు మన మొహం చూసి రెండు పేజీలు చదువుతారు. మూడో పేజీ జాలితో ఎవరూ చదవరు. జాలితో చదివించిన పుస్తకం, తరువాత వచ్చే పది పుస్తకాలకు తలుపు మూస్తుంది.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. తిరగరాయడం పేరుతో తప్పించుకు తిరగడం కూడా ఉంది. మొదటి అధ్యాయాన్ని మేము పందొమ్మిదిసార్లు రాశాము. అందులో అయిదారుసార్లు అవసరం. మిగతావి రెండో అధ్యాయం అంటే భయం. కామా తీసి మళ్లీ పెట్టడం దిద్దుబాటు కాదు, గోళ్లు కొరుక్కోవడం. టోల్కీన్ గారే ఒక చెట్టు బొమ్మను ఎప్పటికీ పూర్తిచేయలేని చిత్రకారుడి కథ రాసి 1945లో అచ్చువేశారు. ఆ భయం ఆయనకూ తెలుసు. కనుక మేమొక నియమం పెట్టుకున్నాము. ఒక మార్పు వల్ల కథలో మరో చోట ఏదైనా కదిలితే అది దిద్దుబాటు. ఏదీ కదలకపోతే ఆ కాగితం వదిలి ముందుకు పోవాలి. ఈ మూడో ప్రతే చివరిది. అది ముగిశాక బాగున్నా బాగులేకపోయినా అచ్చుకే వెళుతుంది. మైకు ముందు చమత్కరించిన పెద్దలకు ఆ మాత్రం హామీ ఇస్తున్నాము. ఆయన చెప్పినది అవధానంలో అప్రస్తుత ప్రసంగం వంటిది. ఆ వాటాకు మేమూ చప్పట్లు కొట్టాము. కాని సభంతా అప్రస్తుత ప్రసంగమే అయితే పద్యం ఎప్పుడు పూర్తవుతుంది?

కార్యవర్గానికి మా విన్నపం ఇది. వార్షికోత్సవం తేదీ చూసి పుస్తకాలు వేయకండి. ఈ పదేళ్లలో మన సంఘం ఆవిష్కరించిన పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలో అట్టపెట్టెల్లో ఉన్నాయో మనందరికీ తెలుసు. వాటిలో మంచివి కాగల పుస్తకాలు ఉన్నాయి. ఒక్కసారి తిరిగి రాసి ఉంటే, ఎవరైనా రాయమని అడిగి ఉంటే. ఆవిష్కరణకు పెట్టే ఖర్చులో నాలుగోవంతు తీసి చిత్తుప్రతులు నకళ్లు తీయించండి. ఏడాదికి నాలుగు శనివారాలు హాలు ఇవ్వండి. రాసినవాళ్లు చదువుతారు, విన్నవాళ్లు నిర్మొహమాటంగా చెబుతారు. చెప్పిన వాళ్లమీద అలగకూడదు, రాసినవాళ్లను ఎగతాళి చేయకూడదు. అంతకంటే నియమాలు అక్కరలేదు.

సభ్యులకు మా విన్నపం ఇంకా చిన్నది. మా మూడో ప్రతి మొదటి సగానికి ఎనిమిది నకళ్లు తీశాము. వచ్చే నెల సాహిత్య సమావేశంలో బల్లమీద ఉంటాయి. తీసుకువెళ్లండి. పొగడవద్దు. ఎక్కడ నిద్ర వచ్చిందో అక్కడ పెన్సిలుతో ఒక గీత పెట్టండి. ఎక్కడ ఎవరి యాస వినబడి మీ మనసు చివుక్కుమన్నదో అక్కడ రెండు గీతలు పెట్టండి. తెలుగు చదవలేని పిల్లలుంటే వాళ్లకు పైకి చదివి వినిపించండి, వాళ్లు అడిగిన ప్రశ్నలు పక్కన రాయండి. మాకు కావలసింది పృచ్ఛకులు. శాలువాలు మీ దగ్గరే ఉంచండి. బర్మింగ్‌హామ్ చలికి ఎప్పుడైనా పనికొస్తాయి.